మావయ్య ఒప్పుకోని ముహూర్తాలు

మా మావయ్య, అంటే మా అమ్మకు అన్న, విజయనగరంలో ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు. ఏ తారీకు అడిగినా ఆ రోజు లోకంలో ఏం జరిగిందో గడగడా అప్పజెప్పేవాడు. మంచి జరిగిన రోజులు మాత్రం ఆయనకు గుర్తుండేవి కావు. ఎక్కడ ఓడ మునిగిందో, ఎవరు ఎవర్ని నరికారో, అవన్నీ నాలుక చివర ఉండేవి. ఊళ్ళోవాళ్ళు నోరు వెళ్ళబెట్టి వినేవారు. నాకైతే ఒళ్ళు మండేది.

అరవై ఏడులో మా రెండో అక్కకు కోటబొమ్మాళి సంబంధం కుదిరింది. పిల్లాడు సొంత మడి చేసుకునే రైతు. పెళ్ళిచూపుల్లో భయపడకుండా నవ్వాడని అక్కకు నచ్చేశాడు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. పంతులుగారు ఏప్రిల్ పదమూడు, పధ్నాలుగు బాగున్నాయన్నారు. మావయ్య పొందూరు ఖద్దరు కండువా సర్దుకున్నాడు.

“పదమూడా? జలియన్‌వాలాబాగ్‌లో జనాన్ని కాల్చి చంపిన రోజు. పధ్నాలుగున టైటానిక్ మంచుకొండను గుద్దుకుంది. బొంబాయి రేవు పేలిపోయిందీ ఆ తారీకే. ఆడపిల్ల పెళ్ళి ఆ రోజుల్లోనా?”

పంతులుగారు పంచాంగం తిరగేసి మే పదకొండు అన్నారు. సిపాయిలు ఢిల్లీలో చొరబడి నెత్తురు పారించిన రోజన్నాడు మావయ్య. జూన్ పద్దెనిమిది అంటే వాటర్లూ యుద్ధం అన్నాడు. మా అక్కకీ వాటర్లూకీ ఏం బంధుత్వమో ఎవరూ అడగలేదు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావలసింది మేనమామే. మాకున్నది ఆ ఒక్క మావయ్య. “నా మాట కాదంటే గంప ముట్టను” అని కూర్చున్నాడు. అంత చదువూ చదివింది అలగడానికే కాబోలు.

ఒక్కో ముహూర్తమూ దాటిపోయింది. చివరికి జూన్‌లో పిల్లాడి తండ్రే కోటబొమ్మాళి నుంచి మా ఇంటికి వచ్చాడు.

“ఏటమ్మా, పిల్లనిస్తారా, నేదా?” అన్నాడు మా అమ్మతో. “వానలు పడితే నాట్లు. ఆ మీదట ఆసాడం. ఈ ఇరవై మూడు కాదంటే మేం ఇంకో ఇల్లు సూసుకుంటాం.”

“ఇరవై మూడా? ప్లాసీ!” అన్నాడు మావయ్య. “దేశం తెల్లవాడి పాలయిన రోజు.”

తలుపు వెనక నిలబడి వింటున్న అక్క బయటికి వచ్చేసింది. పెళ్ళికాని పిల్ల కాబోయే మావగారి ముందుకు అలా రావడం మా ఇళ్ళల్లో లేదు.

“మావా, నీ పెళ్ళి రోజున ఏటయినాదో ముందది సెప్పు.”

మావయ్యకు తారీకు మాట అటుంచి, తన పెళ్ళయిన నెల కూడా తట్టలేదు. ఆయన వెనకే బియ్యం చెరుగుతున్న ఆయన భార్య, మా అత్త, జవాబు చెప్పింది.

“ఏటవుతాది? నా కొంప మునిగినాది. అది ఏ పుస్తకంలోనూ రాయనేదు.”

పిల్లాడి తండ్రి పకపకా నవ్వాడు. మావయ్య మొహం మాడిపోయింది. గొంతు తగ్గించి, “ఇంతకీ ఏ తారీకే అది?” అని అడిగాడు.

“ఎందుకు, ఇప్పుడు పిల్లలకి పాటం సెప్పడానికా?” అని అత్త చేట విదిలించి లోపలికి పోయింది.

జూన్ ఇరవై మూడునే అక్క పెళ్ళయింది. మావయ్యే గంప మోశాడు. తన పెళ్ళి తారీకు కోసం తర్వాత ఆయన మా అమ్మను అడిగాడు. అమ్మకు తిథే గుర్తుంది, తారీకు తెలియదు. అత్తకు తెలుసు. తను బతికున్నన్నాళ్ళూ ఆయనకు చెప్పలేదు.