గోడకి ఆనిందెవరు?

మా బావకి ఒక జబ్బుంది. గోడ మీద మరక కనబడితే చాలు, అది ఎవరి మరకో తేలేదాకా తాపీ పట్టడు.

ఆయన పని గోడలకి రాళ్లు అంటించడం. నిజం రాళ్లు కావు, సిమెంటూ రంగూ కలిపి అచ్చుల్లో పోసిన పలకలు. చూస్తే కొండ, మోస్తే కుండ. నా పని ఆయనకి మాలు కలిపి అందించడం. కలిపిన మాలు గంటలో బిగుస్తుంది. బావ విచారణ గంటలో తెమలదు. పన్నెండేళ్లుగా నేను పారబోసిన మాలుతో ఓ ఇల్లు లేచేది.

"మరకతో నీకేం పని బావా? ఎలాగూ రాయి కింద పోయేదేగా!" అంటే, "పోయేది మరకరా, మనిషి కాదు. రేపు మళ్లీ వచ్చి అక్కడే ఆనుకుంటాడు. వీపు చీరుకుపోదూ?" అనేవాడు. వీపు సంగతి వట్టి వంక, అసలు సంగతి కుతూహలం అని మా అక్క అభిప్రాయం. నాదీ అదే.

ఒక ఇంట్లో హాలు గోడ మీద పళ్లెమంత నూనె మరక దొరికింది. బావ టేపు పెట్టి కొలిచి, ఇంటాయన్ని పిలిచాడు.

"సార్, ఒకసారి ఇక్కడ కింద కూర్చుంటారా?"

ఆయన కూర్చున్నాడు. తల సరిగ్గా మరకలోకి వెళ్లింది.

"రోజూ ఇక్కడే కునుకు తీస్తారు కదూ?"

"ఛ! పొద్దున్నే ఇక్కడ ధ్యానం చేస్తాను."

"ధ్యానంలో మెడ నిటారుగా ఉంటుంది సార్. ఇది కుడివైపుకి జారింది."

వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినబడింది. "ఆ గంటసేపూ ఇంట్లో ఎవర్నీ దగ్గనివ్వలేదు మేస్త్రీ నేను!"

పళ్ల డాక్టరుగారి ఆస్పత్రిలో కుర్చీల పక్క గోడ మీద గోళ్ల గీతలున్నాయి. అన్నీ కుడిచేతివే. "ఎడమ చెయ్యి దవడ మీద ఉంటుంది," అని బావ పేషెంట్ల ముందే తేల్చేశాడు. డాక్టరుగారు మొహం మాడ్చుకుని, రాళ్లు త్వరగా పెట్టి వెళ్లమన్నారు.

అలాంటి మనిషి ఓసారి హెడ్మిస్ట్రెస్ గారింటికి పనికి వెళ్లాడు. పొడుగాటి నడవ. ఆ చివర వాళ్లమ్మగారి గది, ఈ చివర వీధి గుమ్మం. నడవ పొడుగునా గరుకు రాళ్లు కావాలన్నారావిడ. బావ కళ్లు అప్పటికే గోడ మీద ఉన్నాయి. గది నుంచి గుమ్మం దాకా, నడుమెత్తున, సన్నగా మాసిన చార.

"ఈ గోడ రాసుకుంటూ నడిచేదెవరండీ?"

"ఎవరూ లేరు మేస్త్రీ. ఉండేదే ఇద్దరం. అమ్మ చక్కగా నడుస్తుంది. రోజూ ఒక్కతే ఎదురు పార్కుకి వెళ్లొస్తుంది."

ఆవిడ బడికి వెళ్లగానే బావ చార పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. చార మధ్యలో వెంట్రుకంత గీత ఉంది. "ఉంగరంరా," అన్నాడు.

"మాలు కలిపేశాను బావా."

"పారబొయ్యి."

గుమ్మం దగ్గర కుర్చీలో అమ్మగారు పేపరు చదువుతున్నారు. కుడి వేలికి ఉంగరం.

"ఏమిటమ్మగారూ ఇవాళ్టి వార్తలు?"

"ఏముంది నాయనా, ధరలు పెరిగాయి."

ఏ రోజైనా చెల్లే వార్తే. కానీ ఆవిడ ముందున్న పేజీ నిండా టైర్ల ప్రకటన.

బావ గొంతు తగ్గించాడు. "ఎన్నాళ్ల నుంచమ్మా ఈ మసక?"

పేపరు మడతపడింది. "మా అమ్మాయికి చెప్పకు నాయనా. తెలిస్తే ఆపరేషనంటుంది. కంటి దగ్గరికి కత్తి రావడం నేను తట్టుకోలేను. వద్దంటే ఒంటరిగా గుమ్మం దాటనివ్వదు. నాలుగింటికి పార్కులో నా స్నేహితురాలు ఎదురుచూస్తుంటుంది. ఆ గంట కూడా పోతే నాకింకేముంది?"

"మరి రాళ్లొస్తే చెయ్యెక్కడ పెడతారు?"

"అదే భయంగా ఉంది. తాకి చూశాను, రంపాల్లా ఉన్నాయి."

మరక ఎవరిదో తెలిసీ మా బావ నోరు మూసుకోవడం అదే మొదలు.

"నేను చెప్పను. పని అయ్యేలోపు మీరే చెప్పండి."

"చెప్పకపోతే?"

"మీరు చెప్పేదాకా రోజుకి ఒక్క వరసే పెడతాను."

"పెట్టుకో," అన్నారావిడ. గట్టి మనిషి.

బావ ఆ చార ఎత్తు అడుగడుక్కీ కొలిచి చీటీ మీద రాసుకున్నాడు. పెట్టెలన్నీ విప్పి, ఒక్కో పలకా చెంపకి రాసుకుని నున్నటివి ఏరాడు. "చెయ్యి లేదా బావా?" అంటే, "నాది మేస్త్రి చెయ్యిరా, దానికేం తెలుస్తుంది?" అన్నాడు. మూడు రోజులు చెంపకి మందు రాసుకున్నాడు.

ఆరో రోజుకి పని నడుమెత్తుకొచ్చింది. నున్నటి రాళ్ల వరస మొదలుపెట్టాడు. చార గుమ్మం వైపు కాస్త దిగేది, వరసా అలాగే దిగింది. నేను రసమట్టం అందిస్తే తోసేశాడు.

"ఆవిడ చెయ్యి మట్టం చూసుకుని నడుస్తుందా?"

సాయంత్రం హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి చూశారు. "ఇవాళా ఒక్క వరసేనా? మా బడిలో అయితే మీకు గోడకుర్చీ వేయించేదాన్ని! మధ్యలో ఈ నున్నటి పట్టీ ఏమిటి?"

"కొత్త మోడల్ మేడమ్," అన్నాడు బావ. అబద్ధం అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి.

ఎనిమిదో రోజు పొద్దున మేం వెళ్లేసరికి తల్లీకూతుళ్లిద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి.

"చెప్పేశాను నాయనా," అన్నారు అమ్మగారు. "ఇక త్వరగా ముగించు. నీ దుమ్ముతో చస్తున్నాను."

మిగిలిన గోడంతా రెండు రోజుల్లో అయిపోయింది. ఆపరేషన్ అయ్యేదాకా స్నేహితురాలే నాలుగింటికి వచ్చి ఆవిడ్ని చెయ్యిపట్టి తీసుకెళ్లేలా మాట్లాడుకున్నారు. నాకు ప్రాణం కుదుటపడింది.

నెలన్నర తర్వాత అమ్మగారు కబురు పెట్టారు. మేం వెళ్లేసరికి నడవ మధ్యలోంచి, గోడ తాకకుండా, చేతులూపుకుంటూ ఎదురొచ్చారు. బావని ఎగాదిగా చూశారు.

"నువ్వేనా? గొంతు విని పొడుగ్గా ఉంటావనుకున్నాను."

తర్వాత గోడ వైపు తిరిగారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి ముక్కున వేలేసుకున్నారు.

"ఇదేమిటి నాయనా, ఈ వరస ఇలా కిందికి జారిపోయింది! ఇన్నేళ్ల పనివాడివి, ఒక్క గీత తిన్నగా రాలేదా?"

నేను నోరు తెరవబోయాను. బావ నా కాలు తొక్కాడు.

"పొరపాటైందమ్మా," అన్నాడు తల దించుకుని.

ఆవిడకి జాలేసింది. దగ్గరికొచ్చి భుజం తట్టారు.

"నువ్వూ ఓసారి కళ్లు చూపించుకో నాయనా. డాక్టరు మంచివాడు. అసలు నొప్పే తెలీదు."