ఎంపీ గారి తూము

మా తమ్ముడు పార్లమెంటుకు వెళ్లింది కాలువ గట్టు మీద నుంచే. కాలువ చివరనున్న శివారు చేలకు నీళ్లు అందడం లేదని ఇంజనీర్ల వెంటపడి తిరిగి తిరిగి నీటి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అక్కణ్ణుంచి జిల్లా పరిషత్తుకు, ఆ తర్వాత ఢిల్లీకి వెళ్లాడు. ఎంపీ గారి అక్కనంటే బస్సులో లేచి సీటిచ్చేవారు. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉండేది.

వాడి చేను పైన, నాది కింద. రెంటికీ నీళ్లొచ్చే పిల్లకాలువ ఒకటే బోదె. కిందటి దాళ్వాలో, అదే రెండో పంటకి, నీళ్లు వంతుల మీద వదిలారు. నా వరి పొట్ట మీద ఉంది. అప్పుడు తడి తప్పితే చేతికొచ్చేది తాలే. నా వంతు వచ్చిన రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే బోదెలో చుక్క లేదు. పైన తమ్ముడి తూము బార్లా తెరిచి ఉంది, వాడి చేలో నీళ్లు గట్టు దాటి పొర్లుతున్నాయి.

కాలువ మీద నీళ్లు వదిలే లస్కరును నిలదీశాను.

"ఎంపీ గారి చేను ఎండితే మాకు మాటొస్తుందండి," అన్నాడు.

"వంతు నాది కదయ్యా."

"తమరు ఇంట్లోవాళ్లే కదండి, సర్దుకుపోతారనుకున్నాం."

నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడి సహాయకుడు ఎత్తి, సార్ సభలో ఉన్నారన్నాడు. శివారు రైతుల గురించే మాట్లాడుతున్నారట. ఫోన్ పెట్టేసి, కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని బోదెలోకి దిగాను. వాడి తూముకు మట్టి వేసి మూసేశాను.

ఎంపీ గారి నీళ్లు అక్కగారే కట్టేశారని సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాడు శనివారం, వాడు ఊరికొచ్చే రోజు. నాకు లోపల దిగులు పట్టుకుంది. చేను ఎండితే ఒక పంట పోతుంది, అంతే. వీడు కూడా సర్దుకుపొమ్మంటే నాకు తమ్ముడే లేకుండా పోతాడు.

వచ్చాడు. కారు గట్టు మీదే ఆపించి, తెల్ల పంచె ఎగ్గట్టుకుని బోదె దగ్గరికి నడిచాడు. వెనకాల లస్కరు, నలుగురు నాయకులు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. సంజాయిషీ చెప్పుకునే ఉద్దేశం నాకు లేదు.

వాడు వంగి తూమును కాసేపు చూశాడు.

"ఎవరు కట్టేరిది?"

"నేనే."

"ఇలాగేనా అక్కా కట్టేది? పక్కనుంచి కారిపోతుంది చూడు. నిన్నట్నుంచీ నీ నీళ్లు నా చేలోకే పోతన్నాయి," అంటూ బురదలోకి దిగి, రెండు చేతులా మట్టి తీసి ఆ కంతలో కూరి, మడమతో గట్టిగా తొక్కాడు.