రత్నరాజు గారి తిట్ల డైరీ

రత్నరాజు గారికి కోపం వస్తుందని అనడం తప్పు. పోతే కదా, మళ్లీ రావడానికి! పొద్దున్నే బ్లాక్‌టౌన్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం అదే స్టేషన్లో దిగేదాకా ఆయన ఎవరో ఒకరి మీద మండిపడుతూనే ఉండేవారు. రైలు ఆలస్యమైతే రైలు మీద కోపం. టైముకొస్తే, టీ పూర్తిగా తాగనివ్వలేదని కోపం. డిసెంబర్లో ఎండలు కాస్తున్నాయని క్రిస్మస్ మీద కూడా కోప్పడిన మనిషాయన. అదీ చర్చిలో, పాస్టరు గారి ఎదురుగా.

1990 ఫిబ్రవరిలో, సిడ్నీలో పారమట్టా దగ్గరి ఒక యూనివర్సిటీలో, విద్యార్థుల సహాయ విభాగంలో వసుంధర టైపిస్టుగా చేరింది. పక్క బల్ల దగ్గర తెలుగు మొహం కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది ఆ పిల్లకి.

"నమస్కారమండీ. నా పేరు వసుంధర. మాది తెనాలి."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"అహ, ఏం లేదు. మనవాళ్లని పలకరిద్దామని..."

"పలకరించావుగా? కూర్చో. ఆయ్, ఆ కుర్చీ కాదు! దాని కాలు విరిగింది. మూణ్నెల్లనించి మొత్తుకుంటున్నాను, ఈ యూనివర్సిటీలో ఒక్కడికీ చెవులు లేవు. ఇదిగో, నా కుర్చీ తీసుకో. తీసుకోమంటుంటే!"

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆయన నిలబడే పనిచేశారు. నిలబడాల్సి వచ్చిందని మళ్లీ వసుంధర మీదే విసుక్కున్నారు.

ఆయన బల్ల మీద 'పసిఫిక్ దీవుల విద్యార్థుల సహాయాధికారి' అని చెక్క పలక ఉండేది. ఆ ఉద్యోగం ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు. అంతకు మూడేళ్ల కిందట ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగి, అక్కడి భారతీయులు చాలామంది సిడ్నీకి వచ్చేశారు. పైఅధికారి కరోలిన్ ఈయన్నీ వాళ్లలో ఒకరనుకుంది.

"నేను ఫిజీ మనిషిని కాదు మేడమ్. మాది రాజోలు."

"అది ఏ దీవిలో ఉంది?"

రత్నరాజు గారు కోపంగా నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. రెండు వైపులా గోదావరి పాయలు, మూడో వైపు సముద్రం. నిజాయితీపరుడు కనక అబద్ధం చెప్పలేక, "కోనసీమ" అని గొణిగారు. ఆమె 'కోనసీమ' అని రాసుకుని, అది టోంగా పక్కన ఎక్కడో ఉంటుందనుకుని ఫైలు మూసేసింది.

ఆయనకి ఇంగ్లీషులో కోపం సరిగ్గా పలికేది కాదు. అందుకని మొదటి సగం ఇంగ్లీషులో మొదలుపెట్టి, అసలు విషయం తెలుగులో తిట్టేవారు. టోంగా నుంచి వచ్చిన సెమిసి అనే కుర్రాడు ఆరున్నర అడుగుల మనిషి, రగ్బీ మైదానంలో అతన్ని ఆపాలంటే ముగ్గురు కావాలి. రత్నరాజు గారు అతని మోచేతి దాకా వచ్చేవారు.

"ఫ్రైడే కెమిస్ట్రీ అసైన్‌మెంటు పెట్టుకుని రగ్బీ ఆడతావా? బుద్ధుందా?"

సెమిసి రెండు కనుబొమలూ పైకెత్తాడు.

"నా మీదే కనుబొమలెగరేస్తావా!"

ఆ దీవుల్లో కనుబొమలెత్తడమంటే 'ఔను' అనడమని తెలియడానికి ఆయనకి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ ఔనన్న ప్రతివాడూ తిట్లు తిన్నాడు. పిల్లలు మాత్రం నొచ్చుకోలేదు సరికదా, 'బుద్ధుందా' అంటే తెలుగులో గుడ్ మార్నింగ్ అనుకుని అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన లెక్కల లెక్చరరు ద్వారకానాథ్ గారు ఒకరోజు లిఫ్టులో ఆరుగురు సమోవా కుర్రాళ్ల మధ్య ఇరుక్కుంటే, ఆరుగురూ ఎంతో వినయంగా వంగి "బుద్ధుందా సార్?" అన్నారు. ఆయన ఐదో అంతస్తుకి వెళ్లాల్సినవారు రెండో అంతస్తులోనే దిగిపోయారు.

రత్నరాజు గారి సొరుగులో ఒక నల్ల డైరీ ఉండేది. పొద్దున్నే అది తెరిచి, వేలు పెట్టి చదువుకుని, "ఇవాళ నలుగురున్నారు తిట్టడానికి" అని చేతులు దులుపుకుని లేచేవారు. తిట్లకి కూడా లెడ్జరు పెట్టుకునే మనిషి ఉంటాడా అని వసుంధర రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వేది.

ఆ ఏప్రిల్లో నర్సింగు రెండో సంవత్సరం చదివే మెరియోని అనే ఫిజీ అమ్మాయి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి నిలబడింది. చేతిలో సెలవు ఫారం ఉంది.

"సార్, మై టాటా లెవు..." అని ఆగిపోయింది.

"తాత లేవు కాదమ్మాయ్, తాత లేడు అనాలి," అని అలవాటుగా దిద్దేశారు రత్నరాజు గారు. తర్వాత ఉలిక్కిపడి, "తెలుగు ఎవరు నేర్పారు నీకు? సరే సరే, ఏడవకు. తాతగారా? అయ్యో. ఎల్లు, ఎల్లు," అని ఫారం చదవకుండానే ముద్ర కొట్టి చేతిలో పెట్టారు.

సెప్టెంబర్లో ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి "టాటా లైలై" అంది. మనిషికి ఇద్దరు తాతలుంటారు కదా, ఇది అమ్మ తరఫు అయ్యుంటుందని ఆయన మళ్లీ ముద్ర కొట్టారు.

అక్టోబర్లో యూనివర్సిటీ క్రమశిక్షణ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వసుంధర అది చదివి మంటెత్తిపోయింది. అందులో ఏ మాటా గట్టిగా లేదు, అన్నీ మర్యాదైన మాటలే. ఆ మర్యాద చూస్తేనే ఒళ్లు మండింది. మెరియోని ఏప్రిల్లో తండ్రి పోయాడని రాసి ఒక పరీక్ష ఎగ్గొట్టింది. జూలైలో ఆమె వీసా కాగితాల మీద పోయిన తండ్రి సంతకం ఉంది. సెప్టెంబర్లో తండ్రి మళ్లీ పోయాడని ఇంకో పరీక్ష ఎగ్గొట్టింది. అబద్ధం, ఫోర్జరీ. కోర్సు నుంచి ఎందుకు తీసెయ్యకూడదో శుక్రవారం వచ్చి చెప్పుకోవాలి. తీసేస్తే వీసా పోతుంది, నర్సు చదువు సగంలో ఆగిపోతుంది.

"ఏంటమ్మాయ్ ఇది!" అని మెరియోనిని పిలిపించి రత్నరాజు గారు అరిచిన అరుపుకి కారిడార్ చివర ఉన్న కాపీ మెషీన్ దగ్గరివాళ్లు కూడా తిరిగి చూశారు. "తాత పోయాడని నాకు చెప్పి, ఫారంలో ఫాదర్ అని రాస్తావా? అదీ రెండుసార్లా? నాకు అబద్ధం చెప్తావా?"

"తాత అని నేను చెప్పలేదు సార్. టాటా. ఫాదర్."

"మరి మీ ఫాదర్ బతికే ఉన్నారుగా?"

"ఉన్నారు. పోయింది టాటా లెవు. బిగ్ ఫాదర్. మా నాన్నకి అన్నయ్య. తర్వాత పోయింది టాటా లైలై. స్మాల్ ఫాదర్."

రత్నరాజు గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పెదనాన్న," అన్నారు నెమ్మదిగా. "చిన్నాన్న. మరి అమ్మ తమ్ముణ్ణి ఏమంటావు?"

"మోమో."

"మామ!" అని బల్ల గుద్దారు. "విన్నావా వసుంధరమ్మా, మామ! మరి ఫారంలో అంకుల్ అని ఏడవచ్చు కదా పిల్లా?"

మెరియోని తల దించుకుంది. "అంకుల్ అని బస్సు డ్రైవర్ని కూడా అంటారు సార్. నన్ను పెంచిన మనిషి. చనిపోయిన రోజు ఆయన్ని అంకుల్ అని రాయలేకపోయాను."

 అప్పుడు మొదలైంది ఆయనకి అసలు కోపం. ముందు తన మీద. ఎదురుగా గోడ మీద ఫిజీ మ్యాపు, అందులో రెండు పెద్ద దీవుల మీద విటి లెవు, వనువా లెవు అని ఇంతింత అక్షరాలు. లెవు అంటే పెద్దదని మూడేళ్లుగా చూస్తూ కూడా పసిపిల్లకి తెలుగు వ్యాకరణం దిద్దిన తన గడ్డితిన్న బుర్ర మీద. తర్వాత సంఘం మీద. పిల్లని పిలిచి ఒక్క ముక్క అడక్కుండా ఫోర్జరీ అని రాసిన చెయ్యి మీద. ఆ తర్వాత మొత్తం ఇంగ్లీషు భాష మీద. సాయంత్రం రైల్లో బ్లాక్‌టౌన్ దాకా తిట్టినా ఇంగ్లీషు భాష ఇంకా మిగిలే ఉంది.

శుక్రవారం సమావేశంలో మాటలు రాసుకోవడానికి వసుంధరని కూర్చోబెట్టారు. అధ్యక్షుడు డీన్. పొడుగ్గా, చల్లగా ఉన్నాడు. ఈయన అక్కడ అరిస్తే ఉన్న కాస్త ఆశా పోతుందని వసుంధర భయపడింది. రత్నరాజు గారు గుమ్మంలోనే అరవడం మొదలుపెట్టారు.

"మీ ఫాదర్ బ్రదర్ని ఏమంటారు సార్?"

"అంకుల్ అంటాను," అన్నాడు డీన్.

"మదర్ బ్రదర్ని?"

"అంకుల్."

"మీ ఆంటీ హస్బెండ్?"

"అంకుల్. కానీ ఇదంతా..."

"పెరట్లో బార్బెక్యూ మీద సాసేజీలు తిప్పే మీ పక్కింటాయన్ని మీ పిల్లలు?"

డీన్ ఒక్క క్షణం తటపటాయించి, "అంకుల్ గ్యారీ," అని ఒప్పుకున్నాడు.

"హారిస్ పార్క్ కొట్లలో పప్పులు కొనడానికి వెళ్తే, నేనెన్నడూ చూడని పిల్లలు నన్నూ అంకుల్ అంటారు! ఊరందరికీ ఒకే మాట పెట్టుకుని బతుకుతున్నది మీరు. ఎవరు ఎవరో సరిగ్గా రాసింది ఈ పిల్ల. అబద్ధాలకోరు ఈ పిల్లా?"

"తండ్రి సోదరుణ్ణి తండ్రి అనడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?" అన్నాడు డీన్.

రత్నరాజు గారు గిర్రున తిరిగి వసుంధర వైపు వేలు చూపించారు. "అదిగో, ఆవిణ్ణి అడగండి! అమ్మాయ్, నీకెంతమంది నాన్నలు?"

వసుంధర పెన్సిలు కింద పెట్టింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "నలుగురు సార్. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చిన్నాయన, మధ్యలో మా నాన్న."

డీన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. కానీ ఈ వివరణ ఉత్తరం అందాక అల్లింది కాదని నమ్మకమేంటి? ఏప్రిల్లోనే ఆమె ఈ మాట అన్నట్టు ఎక్కడైనా రాసి ఉందా?"

రత్నరాజు గారు సంచిలోంచి నల్ల డైరీ తీసి బల్ల మీద విసిరారు. అది తెలుగులో ఉంది. చదివి చెప్పమని డీన్ వసుంధరకిచ్చాడు. ఆమె చదువుతూ, ఇంగ్లీషులోకి మార్చి చెప్పసాగింది.

"ఏప్రిల్ తొమ్మిది. మెరియోని వచ్చింది. 'టాటా లెవు' పోయాడంది. తెలుగు తప్పు. ఏడుస్తోంది కాబట్టి ఇవాళ తిట్టలేదు. అనాటమీ క్లాసు నోట్సు రెండు వారాలవి జిరాక్సు తీయించి ఉంచాలి."

డీన్ తల పంకించాడు. వసుంధర పేజీ తిప్పింది.

"ఏప్రిల్ ఇరవై ఆరు. మెరియోని తిరిగొచ్చింది. తిండి తినడం లేదు. రేపు పులిహోర తెచ్చి తిట్టాలి."

"చాలు, చాలు," అన్నారు రత్నరాజు గారు.

వసుంధర ఆపలేదు. ఆపాలనిపించలేదు. "సెమిసి. పరీక్ష గురువారం, కాబట్టి సోమవారమే తిట్టాలి. లూపే. వాళ్లమ్మకి ఆపరేషన్, వారం దాకా తిట్టకూడదు. సెప్టెంబరు మూడు. మెరియోని. 'టాటా లైలై' పోయాడంది. రెండో తాత కాబోలు. పాపం, ఒకే ఏడాదిలో ఇద్దరు. ప్రాక్టికల్స్ టీచర్తో పోట్లాడి తేదీ మార్పించాలి."

"అమ్మాయ్! అవన్నీ చదవమన్నానా నేను?" అని రత్నరాజు గారు చెవుల దాకా ఎర్రబడి, కిటికీ వైపు తిరిగిపోయారు. అన్ని నెలల్లో, తిడుతున్నా ఆయన గొంతులో కోపం లేకపోవడం వసుంధర గమనించడం అదే మొదటిసారి. ఆమెకి నవ్వొచ్చింది, దానితోపాటు ఇన్నాళ్లూ భోజనాల దగ్గర నవ్వినందుకు సిగ్గూ వేసింది.

"ఈ 'తిట్టడం' అంటే సరిగ్గా ఏమిటి?" అని అడిగాడు డీన్, అయోమయంగా.

మెరియోని మొదటిసారి తలెత్తింది. "ట్యుటోరియల్ సార్," అంది.

పావుగంటలో నిర్ణయం చెప్పారు. అబద్ధం, ఫోర్జరీ అన్న మాటలు కొట్టేశారు. తప్పిన రెండు పరీక్షలూ నవంబరు చివర్లో రాసుకోవచ్చు. ఒకటే షరతు. సిడ్నీలో ఆమెకి పెద్దదిక్కుగా ఉండే బంధువు ఒకరు బాధ్యత తీసుకుంటూ సంతకం పెట్టాలి.

మెరియోని ఫారం తీసుకుని, గది బయట బెంచీ మీదే కూర్చుని, ఎవర్నీ అడక్కుండా రత్నరాజు గారి పేరు రాసేసింది. బంధుత్వం అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించింది. తర్వాత శ్రద్ధగా 'ఫాదర్, స్మాల్' అని రాసి ఆయనకి అందించింది.

రత్నరాజు గారు కళ్లజోడు సర్దుకుని చదివారు. మళ్లీ చదివారు. ఈయన ఇక్కడే ఏడ్చేస్తారేమోనని వసుంధర చేతిరుమాలు తియ్యబోయింది.

"ఏంటమ్మాయ్ ఇది? మీ నాన్న వయసెంత?"

"నలభై ఆరు సార్."

"నాకు యాభై రెండు!" అని గావుకేక పెట్టారు. "ఆయ్! ఆరేళ్లు పెద్దవాణ్ణి పట్టుకుని చిన్నాన్నంటావా? మర్యాద తెలీదా? కొట్టెయ్! లెవు అని రాయి! పెద్దపెద్ద అక్షరాలతో రాయి, ఆ డీన్‌కి మళ్లీ అనుమానం రాకుండా!"

మెరియోని కొట్టేసి, గడి నిండిపోయేంత అక్షరాలతో దిద్దింది. ఆయన సంతకం పెట్టబోతే కలం ఆగి ఆగి పడింది. ఇక ఆ కలాన్నీ, దాన్ని కొన్న యూనివర్సిటీనీ కలిపి తిట్టుకుంటూ, ఆ సంతకాన్ని మూడుసార్లు దిద్దారు.