బురుజు అడుగు మట్టి

మా అత్తవారి ఊరు పోచంపల్లికి నాలుగు కోసుల దూరం. నేను కాపురానికి వెళ్ళేనాటికి నందికొండ దగ్గర సాగర్ డ్యాం పని నడుస్తోంది. ఊరి నడుమ ఒక బురుజు ఉండేది. కింద నిలువెత్తు వరకు రాతి కట్టు, ఆపైన మట్టి. అడుగున గోడ ఎనిమిది మూరల మందం, పైకి పోయేకొద్దీ సన్నం. వాకిలి నేలమీద లేదు. ఒకప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కి, దాన్ని లోపలికి లాక్కునేవాళ్ళట. గోడ మందంలోనే ఒక్క మనిషి పట్టేంత మెట్లు. తుపాకీ కంతలు లోపల వెడల్పు, బయట ఇరుకు. దోపిడీ దండు వస్తే ఆడవాళ్ళనూ ధాన్యాన్నీ పైకి చేర్చేవాళ్ళని, కావలివాళ్ళు కొందరు అక్కడే చనిపోయారని మా అత్త చెప్పింది. వాళ్ళు ఇంకా పైనే ఉన్నారని ఊరి నమ్మకం. అందుకని పైనుంచి పిడికెడు మట్టి ఎవరూ తీయరు.

కింద మాత్రం తీస్తారు. పాత మట్టి గోడకు పెడితే పగుళ్ళు రావు. ఒకవైపు రాళ్ళు ఎప్పుడో ఇళ్ళ పునాదులకు పోయాయి. వాటి వెనక మట్టిని మూడు తరాలు తవ్వగా బురుజు అడుగున గదంత గుహ ఏర్పడింది.

ఆ వానాకాలం మా మగ్గం గది గోడ కూలింది. గోడ లేవకపోతే నేత లేదు. వాన తెరిపిచ్చిన రోజు పొద్దున మా ఆయన గడ్డపార తీసుకుని బయలుదేరాడు. తట్ట పట్టుకుని నేను వెంట వెళ్ళాను. గుహ చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

“పైనకెల్లి తియ్యరాదా?” అన్నాను.

“పైన కావలోళ్లున్నరు. వాళ్ల ఇల్లు మనం పీకుతమా?”

“కిందికెల్లి తీస్తె పీకినట్టు కాదా?”

ఆయన నవ్వాడు. “రెండు పుస్తకాలు సదివినవని గిట్ల అడుగుతున్నవా?” అంటూ వంగి లోపలికి వెళ్ళాడు.

అయిదో తట్ట ఇంట్లో పోసి తిరిగి వచ్చేసరికి గుహ పైన మట్టి రాలుతోంది. గాలి లేదు. జల్లెడ పట్టినట్టు, సన్నగా, ఆగకుండా రాలుతోంది. కంతల్లోని పావురాలు లేచిపోయాయి. మళ్ళీ వాలలేదు.

“ఇగో... ఇగో, ఇనవడ్తాందా?” అన్నాను. గడ్డపార చప్పుడు ఆగలేదు. ఊళ్ళో అందరూ అందరినీ అలాగే పిలుస్తారు. ఆ పిలుపు తనకేనని లోపలున్న మనిషికి ఎలా తెలుస్తుంది? మొగుడి పేరు ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పి పంపింది. చదువుకున్నా ఆ మాట నమ్మేదాన్ని. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. తలకాయంత గడ్డ ఒకటి నా కాలి దగ్గర పడింది. పేరు పెట్టి అరిచాను.

చప్పుడు ఆగింది. ముఖం నిండా మట్టితో ఆయన బయటికి వచ్చాడు.

“ఊరందరి ముంగట పేరు వెట్టి పిలుస్తవా?”

బురుజు పక్కనున్న బావి దగ్గర నీళ్ళు చేదుతున్న ఒకామె, “ఇగ మేం గూడ పిలుస్తం తియ్. కొత్త కోడలు తొవ్వ సూపిచ్చింది!” అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆయన గడ్డపార లోపలే వదిలేసి, నా వైపు చూడకుండా ఇంటికి నడిచాడు. బురుజు పడలేదు.

ఇంటి దగ్గర మా అత్త మాత్రం నవ్వలేదు. “పేరెత్తినవు. ఇగ వాని పానానికి నువ్వే జవాబు” అంది.

మర్నాడు మధ్యాహ్నం వానలో బురుజు ఆ వైపంతా కూలింది. ఇంట్లో గిన్నెలు అదిరాయి. పైమట్టి నేలకు వచ్చింది గనుక కావలివాళ్ళే దిగివచ్చి ఇచ్చారని చెప్పుకుని ఊరంతా తీసుకుంది. మా గోడ కూడా దానితోనే లేచింది. గడ్డపార దొరకలేదు. నా పిలుపు సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. అయినా ఆయనకు ఒళ్ళు వెచ్చబడిన ప్రతిసారీ ఆ ఒక్క పిలుపే గుర్తుకొచ్చేది. పోయిన చలికాలం దవాఖానలో ఆయన ఊపిరి సన్నబడినప్పుడు, రెండోసారి పేరు పెట్టి పిలిచాను. కళ్ళు తెరిచి కోప్పడతాడేమోనని చాలాసేపు చూశాను.