కొత్త పుస్తకం ముంచిన ఊరు

ఎనభైల చివర్లో, హోసూరులో మా అద్దె ఇంటి వసారాలో, ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట ఆడేవాళ్ళం. అన్న ఫ్యాక్టరీలో పని చేసేవాడు. బెంగళూరులో పాత పుస్తకాల అంగళ్ళు తిరిగి ఆ ఆట పుస్తకం పట్టుకొచ్చాడు. దేవుళ్ళూ రాక్షసులూ మంత్రగాళ్ళూ ఉండే ఒక కల్పిత దేశం, దాని పటం, ఆడే పద్ధతి అందులో ఉంటాయి. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు కథలో మనుషులై ఏం చేస్తామో చెబుతారు. అయిందో కాలేదో పాచిక తేలుస్తుంది. నడిపేది అన్న. ఆడేది నేను, వదిన, అన్నతోపాటే పని చేసే, సామల్పట్టి అనే ఊరి స్నేహితుడు.

అప్పటికి నేను పన్నెండో తరగతి పాసై ఇంట్లో కూర్చున్నాను. కాలేజీ కృష్ణగిరిలో. "ఆడపిల్ల దినామూ బస్సులో అంత దూరం యాడ పోతాది?" అని నాయన ఒక్క మాటతో తేల్చేశాడు. నన్ను అడగలేదు. మా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడిగేవాళ్ళు కాదు, ఏ కూర వండాలో కూడా. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆటలో మాత్రం నేను గొర్రెల మంద తోలుకునే మనిషిని. రాక్షసులకు భయపడి పారిపోయి వచ్చినవాళ్ళను చేరదీసి, ఒక లోయలో ఊరు కట్టాను. బావి తవ్వించాను, నీళ్ళ వంతుల తగాదాలు తీర్చాను. ఆ ఊళ్ళో నేను సరేనంటేనే ఏదైనా జరిగేది.

మొదటి పుస్తకం చాలా సన్నది. ఆ లోయ గురించి ఒక్క ముక్కే రాశారు: అక్కడ ఎవరుంటారో తెలియదు. తెలియదంటే ఖాళీ అనే కదా! అందుకే ఊరు అక్కడ పెట్టాను. తర్వాత వచ్చిన ఎడిషన్ లావెక్కింది. లోయకు ఒక పేరొచ్చింది, ఏలడానికి ఒక దొర కూడా వచ్చాడు. పోనీలే అని ఆ దొరతో మాట్లాడుకుని సర్దుకున్నాను. ఒక ఆదివారం అన్న మూడో ఎడిషన్ తెచ్చాడు, ఇటుకంత ఉంది. దేశంలో వందేళ్ళు గడిచిపోయాయట. దేవుళ్ళు కొట్లాడుకున్నారట, ఏరు దారి మార్చిందట. పటంలో నా లోయ ఉన్న చోట నీలంగా ఒక చెరువుంది.

"ఊరు మునిగిపోయింది పాపా," అన్నాడు అన్న. "నేనేం చేసేది? పుస్తకంలో అట్ల ఉండాది. ఇంకో మనిషిని ఎత్తుకో, మొదట్నించీ ఆడదాం."

"నేను యాడికీ పోను."

"మొండికేస్తే ఎట్లమ్మా? కొత్తది వచ్చినాక పాతది చెల్లదు."

అచ్చం నాయన గొంతే. ఏడుపు వచ్చింది కానీ మింగేశాను. ఏడిస్తే ఊరు పోయినట్టే అనిపించింది.

ఆ మధ్యనే మా సొంతూరు ఉద్దనపల్లిలో మా చేనుకు రీసర్వే జరిగింది. కొత్త కొలతలో మా గట్టు పక్క చేనులోకి పోయింది. నాయన నోరు పారేసుకోలేదు. చుట్టూ చేన్లవాళ్ళను పిలిచి గట్టు మీద నిలబెట్టాడు. ఒక్కొక్కరూ "ఇది వీళ్ళదే" అన్నాక సర్వేయరు గొణుక్కుంటూ రాయి పాత చోటే నాటించాడు. మా పక్క అంతే, ఇరుగుపొరుగు చేన్లవాళ్ళు నిలబడి చెప్పందే హద్దు ఖాయం కాదు.

"పక్క చేన్లోళ్ళను పిలిచినారా?" అని అన్నను నిలదీశాను.

"ఏంది?"

"నా లోయను కొలిచినోళ్ళు. ఆటలో నా లోయకు తూర్పున అడివి వదినది, పడమట కోట ఈయనది. వీళ్ళను పిలవకుండానే చెరువు గీసేస్తారా? ఊరుండాదో లేదో వీళ్ళనే చెప్పమను!"

వదిన చేతిలో ఉన్న మురుకుల పళ్ళెం కింద పెట్టి లేచి నిలబడింది. అన్నకు ఎదురు మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు. "నా అడివిలో నిలబడితే ఆ ఊరి పొయ్యిల పొగ కనపడతా ఉండాది," అంది.

స్నేహితుడు పకపకా నవ్వి, తనూ లేచాడు. "మా కోటోళ్ళు తాగేది ఆ బాయి నీళ్ళే. చెరువూ లేదు, గిరువూ లేదప్పా. ఊరుండాది."

అన్న పుస్తకం ధబీమని మూశాడు. "సరే, ఉండాది. నడిపేదెట్ల? దాని గురించి ఇందులో ఒక్క మాటా లేదు. ఆ ఊరి సంగతి ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. ఆడనించి లే అన్నా."

వేళాకోళం అనుకున్నాడు. నేను కదల్లేదు. చివరికి గోడవారన తన చోటు వదిలి లేచాడు. నేను అక్కడ కూర్చున్నాను. పుస్తకం వద్దన్నాను, పాచిక మాత్రం అందుకున్నాను.

అన్న వదిన పక్కన చాప మీద చతికిలబడ్డాడు. మూతి ముడుచుకునే, "సరే, నా మనిషి ఇప్పుడు యాడుండాడు?" అన్నాడు.

"మా ఊరి బయట. లోపలికి రావాలంటే నన్ను అడగాల."

అన్న అడిగాడు.