సఫీనస్ అని ఎవరన్నారు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. ఏడాదిన్నర శవాల మధ్య అనాటమీ చదివినదాన్ని. భయపడాల్సి ఉంటే అప్పుడే భయపడేదాన్ని.

డెబ్భైల చివర్లో రాజమండ్రి వైపు ఒక ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా చేరాను. కాలవలకి కొత్త నీళ్ళొచ్చిన రోజులు. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్ళు వరండా దాకా పడుకుని ఉండేవారు.

ఓ మధ్యాహ్నం ధవళేశ్వరం అవతలి నుంచి సత్తెమ్మ అనే ఆవిడని మంచం మీద మోసుకొచ్చారు. నలభై ఏళ్ళుంటాయేమో, పొలం పని చేసుకునే మనిషి. కళ్ళు లోపలికి పోయాయి. పిలిస్తే పలకలేదు. నాడి అందలేదు. సెలైన్ ఎక్కిద్దామంటే చేతుల్లో ఒక్క నరమూ దొరకలేదు. పెద్ద డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు.

ఇక మిగిలింది కాలు. లోపలి చీలమండ ఎముకకి కాస్త ముందుగా, చర్మం కిందే, సఫీనస్ అనే నరం పైకి పోతుంది. సిర అనాలి గానీ అందరం నరమనే అంటాం. అక్కడ కోసి, దాన్ని పైకెత్తి, సన్నటి గొట్టం పెట్టాలి. వేరేవాళ్ళు చేస్తుంటే చూశాను గానీ నేనెప్పుడూ చెయ్యలేదు.

కోశాను. కొవ్వు తప్ప ఏమీ కనపడలేదు. కాలు పట్టుకున్న సిస్టర్ మెల్లిగా, "రెండో కాలు చూద్దామాండి?" అన్నారు. ఆ గదిలో వినిపించిన మాట అదొక్కటే.

జవాబు చెప్పేలోపు నా చెయ్యి ఎముక వైపు జరిగింది. ఎందుకు జరిపానో తెలీదు. అక్కడ తెల్లగా, దారప్పోగులా ఉంది నరం. గొట్టం దిగింది.

మూడో రోజుకి సత్తెమ్మ లేచి కూర్చుని గంజి తాగింది. కట్టు మారుస్తుంటే అడిగింది.

"సఫీనస్ అంటే ఏంటండి, డాక్టరమ్మగారూ?"

"ఎవరన్నారు ఆ మాట?"

"మీ పక్కన నిలబడ్డ పెద్దాయనండి. సఫీనస్ అక్కడ లేదమ్మా, ఎముక వైపు రా అన్నారు. మీరు పలకలేదు. మళ్ళీ చెప్పారు."

సత్తెమ్మకి చదువు రాదు. ఆ పేరు నేను పైకి అనలేదు. సిస్టర్‌ని విడిగా అడిగితే, తలుపు గడియ వేసే ఉందండి, ఎవరూ రాలేదు అన్నారు.

సత్తెమ్మకి మాత్రం అది కాలి నరం పేరని చెప్పాను. ఆ మాటకి అర్థం పైకి కనిపించేది అని కొందరంటారు, దాక్కున్నది అని కొందరంటారు, ఏది నిజమో తేలలేదు అని. ఆమె తన చీలమండ తడుముకుంది.

ఇంటికి పంపే రోజు, ఆయనకి దణ్ణం పెట్టుకుని గానీ వెళ్ళనని వరండా బల్ల మీద కూర్చుంది. బస్సు పోతుందని భర్త తొందరపెట్టినా కదల్లేదు. అటు వెళ్ళే ప్రతి డాక్టరు మొహమూ చూసింది. చూసి తల అడ్డంగా ఊపింది. పొద్దు వాలాక లేచి, "మీరే చెప్పండి ఆయనకి, నేను బతికానని" అంది.

చెప్తానన్నాను.

ఆ తర్వాత అలాంటివి ఎన్నో చేశాను. కత్తి పెట్టే ముందు ప్రతిసారీ పక్కకి చూసేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు. సత్తెమ్మ చెప్పమన్న మాట ఎవరికి చెప్పాలో నాకిప్పటికీ తెలీదు.