ఉప్పు గోడ ధర

నా చిన్నప్పుడు గోపాల్‌పూర్‌లో మా వీధి ఇళ్లు చేతులు మారేవి కావు. ఏ ఇంట్లో పుట్టినవాళ్లు ఆ ఇంట్లోనే ముసలివాళ్లయ్యేవారు. అందుకే పక్కింటి అక్క ఇల్లమ్మి బరంపురంలో కుట్టుమిషన్ల దుకాణం పెట్టుకుంటానన్నప్పుడు, దాని ధరెంతో చెప్పగలిగినవాళ్లు లేకపోయారు. భర్త పోయాక ఆ ఇల్లు తప్ప ఆమెకు మరో ఆధారం లేదు. కొనడానికొచ్చిన ఛత్రపూర్ ఆసామి మాత్రం మా వీధి చివరింటి ధర పట్టుకుని కూర్చున్నాడు. మా వీధిలో మావాళ్లకు గుర్తున్న అమ్మకం అదొక్కటే మరి.

మా తాతయ్య తాపీమేస్త్రి. ఆ మాట విని నవ్వాడు.

"అన్న తమ్ముడికిచ్చిన దర దరేటి? అందులో సగం మమకారమే కదా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకు బయలుదేరాడు. మూడు వీధుల అవతల ఆ మధ్యే అమ్ముడైన ఖాళీ జాగా నుంచి సముద్రానికి ఎన్ని అడుగులో నాచేత లెక్కపెట్టించాడు. అక్క గుమ్మం నుంచీ లెక్కపెట్టించాడు. అక్క ఇల్లే దగ్గర. పూజ సెలవులకు వచ్చేవాళ్లు గదికి ఎంత అద్దె ఇస్తారో వాకబు చేశాడు. అలాంటి ఇల్లు ఇవాళ కట్టాలంటే ఎంతవుతుందో, పాతబడ్డందుకు ఎంత తీసేయాలో అరుగు మీద బొగ్గుతో లెక్క వేశాడు. ధరే తెలియని ఇంటికి ధర ఇలా పుట్టుకొస్తుంటే నాకు ఒకటే వింత.

ఆఖరికి పెరటిగోడ గీకి ఆ పొడి నా నాలుక మీద వేశాడు.

"ఎలాగుందే?"

ఉప్పుకల్లు నాకినట్టే ఉంది. కట్టినవాడెవడో సముద్రపు ఇసుక కలిపాడన్నమాట. అక్క నావైపే చూస్తోంది. రోజూ నాకు జడలు వేసే అక్క.

"సప్పగుంది తాతా" అన్నాను.

తాతయ్య తనూ రుచి చూశాడు.

సాయంత్రం ఆసామి రాగానే తాతయ్య ముందు ఆ గోడ సంగతే ఎత్తాడు.

"ఎనక గోడకి ఉప్పెక్కీసింది బాబూ. పడగొట్టి కట్టుకోవాల. ఆ కర్సు తీసీసే సెప్తన్నాను."

అక్క ముఖం పాలిపోయింది. తాతయ్య మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాతే తాతయ్య అడుగుల లెక్క, అద్దె లెక్క వినిపించి తన ధర చెప్పాడు. ఆసామి వెళ్లి గోడ గీకి చూసుకున్నాడు. తిరిగొచ్చాక అడుగుల లెక్క గానీ, అద్దె లెక్క గానీ మళ్లీ అడగలేదు. తాతయ్య చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. చివరింటి ధర కంటే అది చాలా ఎక్కువ. అక్క అరుగు మీద కూలబడి ఏడ్చేసింది.

ఇంటికొస్తుంటే తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"సప్పగుందని సెప్పీసుంటే, ఆడు గీకి సూసుకున్నాక మన లెక్కలో ఇంకేటి నమ్ముతాడే?"

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. బరంపురంలో మా పాత ఇల్లు అమ్మకానికి పెట్టాం. చూడ్డానికొచ్చినవాళ్లను నేను ముందుగా చెమ్మ పట్టే మూలకే తీసుకెళ్తాను. మా అబ్బాయి తల పట్టుకుంటాడు. వాడి నాలుక మీద ఎవరూ గోడ పొడి వేయలేదు పాపం.